రెండో బ్యాటరీ

మేము నలుగురం గోండు ఉపాధ్యాయులం. ఉట్నూరు చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి, డీఎడ్ చదివి, ఆ చుట్టుపక్కల బడుల్లోనే పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లం. సెలవు దొరికితే కెమెరా పట్టుకొని గూడేలకు వెళ్తాం. పెద్దలు చెప్పే కథలు, పాడే పాటలు, వాయించే వాద్యాలు రికార్డు చేసుకుంటాం. ఈ పని చేయమని మాకు ఎవరూ చెప్పలేదు. మన పిల్లలకు మనమే చూపించకపోతే ఎవరు చూపిస్తారు అనే ఆలోచనతో మొదలుపెట్టాం.

అయితే ఈ వ్యాసం ఆ పాటల గురించి కాదు, కెమెరాలో వేసే బ్యాటరీ గురించి. అంత చిన్న వస్తువు మీద వ్యాసం ఎందుకని నవ్వుకోవద్దు. అగ్గిపెట్టె అంత ఉండే ఆ వస్తువు దగ్గర మేము అజాగ్రత్తగా ఉన్నాం. దానివల్ల ఒక కథ సగం పోయింది. కెమెరా పట్టుకుంటున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, తోటి టీచర్లకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాం.

మన ఊళ్లకు కెమెరా రావడం కొత్త కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. మా వృత్తిలో మా ముందు తరం అక్కడి నుంచే బయలుదేరింది. ఆయన తీసిన ఫోటోలు, సినిమాలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థ భద్రపరిచింది. ఆ కాలపు కెమెరాలు చాలావరకు బ్యాటరీ లేకుండానే నడిచేవి. కదిలే బొమ్మలు తీసే కెమెరాలకు కూడా గోడ గడియారానికి తిప్పినట్టు కీ తిప్పితే చాలు. వాళ్లకు ఫిల్ము అయిపోతుందేమో అన్న భయం ఉండేది గానీ కరెంటు గురించి భయం లేదు. మనకు ఫిల్ము బాధ పోయింది. చిన్న కార్డులో వేల ఫోటోలు పడతాయి. కానీ బ్యాటరీ చచ్చిపోతే ఆ కెమెరా రాయితో సమానం.

మా మొదటి కెమెరా జేబులో పట్టే చిన్నది. గోడ గడియారంలో వేసే సెల్లులు రెండు వేయాలి. ఊళ్లో కిరాణా కొట్టులో దొరికే సెల్లులే కదా అని సంతోషించాం. కొత్తవి రెండు వేస్తే పది పదిహేను ఫోటోలకే బ్యాటరీ మార్చమని చూపించేది. కొట్టువాడు పాత సరుకు అంటగట్టాడని మొదట అతణ్ని తిట్టుకున్నాం. తర్వాత చూస్తే, కెమెరాలో చచ్చిపోయిన ఆ సెల్లులే తరగతి గడియారంలో వేస్తే నెలల తరబడి నడిచాయి. తప్పు కొట్టువాడిది కాదు. గడియారం కరెంటును బొట్టుబొట్టుగా తాగుతుంది. కెమెరా ఒక్కసారిగా చెంబెడు గుంజుతుంది. అంత గుంజితే మామూలు సెల్లు వోల్టేజీ పడిపోతుంది. లోపల ఇంకా శక్తి ఉన్నా, కెమెరా దాన్ని ఖాళీ కింద లెక్కవేస్తుంది.

మళ్లీ మళ్లీ చార్జింగ్ పెట్టుకునే నికెల్ సెల్లులు నాలుగు కొన్న తర్వాత మా బాధ తీరింది. వాటి మీద 1.5కు బదులు 1.2 వోల్టులు అని రాసి ఉంటుంది. తక్కువ కదా అనిపిస్తుంది. కానీ గట్టిగా గుంజినా అవి ఆ 1.2 దగ్గరే దాదాపు నిలబడతాయి. పైకి ఎక్కువ కనిపించేది కాదు, బరువు పడ్డప్పుడు నిలబడేది కావాలని అప్పుడు తెలిసింది.

2019లో నలుగురం డబ్బులు వేసుకొని పెద్ద కెమెరా కొన్నాం. ఒకరు వాడి అమ్మిందే. అందులో లిథియం అయాన్ బ్యాటరీ. ఆ రకం బ్యాటరీ మీద పనిచేసిన జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినోలకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది కూడా అదే ఏడాది. ఆ వార్తను బడి బోర్డు మీద రాయించాం. కెమెరాతో పాటు వచ్చిన బ్యాటరీ ఒకటి, విడిగా కొన్నది ఒకటి, మొత్తం రెండు అయ్యాయి. రెండున్నాయి కదా, ఇక ఢోకా లేదు అనుకున్నాం.

ఆ ఏడు దండారి రోజుల్లో ఊరూరా తిరిగాం. గుస్సాడీల నెమలి ఈకల టోపీలు, డప్పుల చప్పుడు, పేప్రె ఊదేవాళ్లు, కాలికోం ఊదేవాళ్లు. అదంతా పగటి వెలుతురులో. ఏదైనా తప్పితే రేపు ఇంకో ఊళ్లో మళ్లీ దొరుకుతుంది. బ్యాటరీ అయిపోతే పటేల్ ఇంట్లో చార్జింగ్ పెట్టి, భోజనం చేసి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. అలా మాకు ధీమా పెరిగింది.

2020 జనవరిలో, పుష్య మాసపు చలిలో, ఒక ఊళ్లో పెర్సాపేన్ పూజకు పిలుపు వచ్చింది. మనలో గోండు కాని పాఠకుల కోసం ఒక మాట. పెర్సాపేన్ మా వంశాల పెద్ద దేవుడు. ఆ పూజలో ప్రధాన్ కిక్రి వాయిస్తూ వంశ కథ చెప్పాలి. కిక్రి అంటే కమాను పెట్టి వాయించే మూడు తీగల వాద్యం. ఆ ఊరి ప్రధాన్ తాతకు ఎనభై దాటి ఉంటాయి. చూపు మందగించింది. కానీ కథ ఎత్తుకుంటే ఒక్క పేరు తప్పేవాడు కాదని అందరూ చెప్పేవారు.

పూజను తీయకూడదని పెద్దలు ముందే చెప్పారు. అది న్యాయమే. మేము తీయలేదు. రాత్రి పూజ అయ్యాక, బయట నెగడు దగ్గర తాత చెప్పే కథను తీసుకోవచ్చని ఒప్పుకున్నారు. పహండి కుపార్ లింగు మా దేవతలను గుహలోంచి విడిపించిన దగ్గర మొదలై, ఆ వంశం ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చింది, ఏ వాగు దాటింది, ఎక్కడ ఎవరితో వియ్యమందింది అనే దాకా సాగే కథ. పుస్తకంలో లేనిది.

ఆ పగలు మేము ఏం చేశామో దాచకుండా రాస్తాం. చుట్టాల ఫోటోలు తీశాం. వంటల ఫోటోలు తీశాం. పిల్లలు చుట్టూ మూగి "గురూజీ, నాది చూపించు, నాది చూపించు" అంటే తీసిన ప్రతి ఫోటోనూ తెర మీద చూపించాం. మధ్యాహ్నానికే మొదటి బ్యాటరీ అయిపోయింది. రెండోది కెమెరాలో వేసి, మొదటిదాన్ని మాలో ఒకరు పటేల్ ఇంట్లో చార్జింగ్ పెట్టారు. కాసేపటికే కరెంటు పోయింది. సాయంత్రం ఇంకొకరు వెళ్లి, చార్జరును బ్యాటరీతో సహా తీసి సంచిలో వేసుకున్నారు. పెట్టినవారు నిండింది అనుకున్నారు. తీసినవారు కూడా నిండిందనే అనుకున్నారు. ఒకరినొకరు అడగలేదు.

రాత్రి కథ మొదలైంది. నెగడు వెలుతురు, చుట్టూ చలి, తాత గొంతు. మా కెమెరా మూడు కాళ్ల స్టాండు మీద ఉంది. సరిగ్గా 38 నిమిషాలకు తెర మూల ఎర్రగా మిణుకుమని కెమెరా ఆరిపోయింది. కంగారు పడలేదు. మొదటి బ్యాటరీ తీసి వేశాం. గుర్తు సగం నిండినట్టు చూపించింది. నాలుగు నిమిషాలు నడిచి అదీ పోయింది. మాలో ఒకరికి ఎక్కడో చదివింది గుర్తొచ్చి, ఆరిపోయిన రెండో బ్యాటరీని చొక్కా లోపల పెట్టి ఒంటి వేడికి కాచారు. మళ్లీ వేస్తే రెండు నిమిషాలు నడిచింది. అంతే. మొత్తం 44 నిమిషాలు. కథలో వంశం పెద్ద వాగు ఒడ్డుకు చేరింది. దాటలేదు.

మేము బ్యాటరీలు మార్చడం, ఊదడం, తుడవడం, గుసగుసలాడటం తాతకు వినపడింది. వాయించడం ఆపకుండానే గోండిలో ఒక మాట అన్నాడు. తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది: "మీ డబ్బా పడుకుంటే పడుకోనియ్యి గురూజీ. కథను నడిమిట్ల ఆపొద్దు. మీరు వినుండ్రి."

తాత ఆపలేదు. ఇంకా గంటన్నర పాడాడు. మేము విన్నామా అంటే, లేదు. చెవులు అక్కడే ఉన్నాయి, మనసు మాత్రం సంచిలో ఉంది. ఎవరు చార్జింగ్ పెట్టారు, ఎవరు తీశారు అని మాలో మేము వాదించుకుంటూ కూర్చున్నాం. పోతేపోనీ, వేసవి సెలవుల్లో వచ్చి మిగతాది తీసుకుందాం అనుకొని తెల్లవారి బయలుదేరాం. తాత సరే రమ్మన్నాడు.

వేసవి సెలవుల కంటే ముందే, మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. బడులు మూశారు, దారులు మూశారు. వానాకాలంలో, నాట్లు పడే రోజుల్లో, తాత పోయాడని కబురు తెలిసింది. ముసలితనమే. మేము మట్టికి కూడా వెళ్లలేకపోయాం.

ఆ తర్వాత మేము చాలా రోజులు బ్యాటరీల గురించి చదివాం, చేసి చూశాం. నేర్చుకున్నది మీకు చెప్తాం.

మొదటిది, లెక్క. బ్యాటరీ మీద వోల్టులు, ఎంఏహెచ్ అని రెండు అంకెలు ఉంటాయి. మాది 7.4 వోల్టులు, 860 ఎంఏహెచ్. 860ని 1000తో భాగించి 7.4తో గుణిస్తే 6.4 వాట్ అవర్లు వస్తుంది. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఈ శక్తితో ముప్పావు గంట కూడా వెలగదు. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాం. వాళ్లకు వెంటనే అర్థమైంది. మేము ఆ లెక్క ముందే చేసుకొని ఉంటే గంటల కథకు రెండు బ్యాటరీలతో వెళ్లేవాళ్లం కాదు. ఎంఏహెచ్ ఒక్కటే చూసి రెండు వేర్వేరు రకాలను పోల్చకూడదు. వోల్టులు కూడా కలిపి చూడాలి. అదే కొలత బ్యాటరీ మీద నమ్మలేనంత పెద్ద అంకె తక్కువ ధరకు కనిపిస్తే, ఆ అంకెను నమ్మకండి.

రెండోది, ఖర్చు. పెట్టె మీద 500 ఫోటోలు వస్తాయని రాసి ఉన్నా, అది ఒక పద్ధతి ప్రకారం పరీక్షించి చెప్పిన అంకె. వీడియో తీసేటప్పుడు లోపలి సెన్సారు, వెనక తెర ఆగకుండా పనిచేస్తాయి. చీకట్లో లెన్సు ఫోకస్ కోసం ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. ఫ్లాష్ తింటుంది. వైఫై తింటుంది. తీసిన ప్రతిదాన్నీ తెర మీద చూసుకోవడం మరీ తింటుంది. పిల్లలకు చూపించడం తప్పు కాదు. వాళ్ల ముఖాలు వాళ్లు చూసుకోవాలి. కానీ అది పని అయ్యాక, తిరిగి వెళ్లే ముందు చూపించాలి. ఇప్పుడు తెర వెలుగు తగ్గిస్తాం, వైఫై ఆపేస్తాం, మనిషి ఒకేచోట కూర్చుంటే ఫోకస్ ఒకసారి సరిచేసి చేతి పద్ధతిలో పెట్టేస్తాం.

మూడోది, చలి. బ్యాటరీ లోపల జరిగేది రసాయన చర్య. చలిలో అది మందగిస్తుంది. శక్తి ఉన్నా బయటికి రాదు. అందుకే ఒంటి వేడికి మాకు ఇంకో రెండు నిమిషాలు దొరికాయి. మన ఆదిలాబాద్ చలి తెలిసిందే. పుష్యంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్తే మర్రిచెట్ల కింద రాత్రంతా ఉండాలి. అప్పుడు అదనపు బ్యాటరీలు సంచిలో కాదు, లోపలి జేబులో ఉండాలి. ఎండాకాలంలో దీనికి తిరుగు. బండి ట్యాంకు మీద సంచిలో, ఆపిన జీపులో వదిలేస్తే వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నీడన పెట్టాలి.

నాలుగోది, గుర్తు. మా కథ పోయింది బ్యాటరీ లేక కాదు. ఏది నిండిందో తెలియక. ఇప్పుడు మా దగ్గర నాలుగున్నాయి. తెల్ల టేపు అతికించి 1, 2, 3, 4 అని రాశాం. నిండిన బ్యాటరీకి ప్లాస్టిక్ మూత పెట్టి కుడి జేబులో వేస్తాం. ఖాళీది మూత లేకుండా చిన్న గుడ్డ సంచిలో వేసి ఎడమ జేబులో వేస్తాం. జేబులో చిల్లర, తాళంచెవులు ఉండకూడదు. అవి బ్యాటరీ కొసలకు తగిలితే షార్ట్ అయి కాలే ప్రమాదం ఉంది. చార్జింగ్ పెట్టినవారే తీయాలి. చార్జరు దీపం రంగు మారిందా లేదా చూసి, నోటుపుస్తకంలో గీత పెట్టాలి. బయలుదేరే ముందు ప్రతి బ్యాటరీనీ కెమెరాలో వేసి ఒక నిమిషం వీడియో తీసి చూడాలి. ఒట్టిగా గుర్తు చూసి నమ్మొద్దు. సగం చూపించినదే మమ్మల్ని ముంచింది.

ఐదోది, ఊళ్లో కరెంటు లేనప్పటి ఉపాయం. మా బ్యాటరీకి యూఎస్‌బీ తీగతో నడిచే చిన్న చార్జరు దొరికింది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే, మధ్యలో పోయే నష్టాలు తీసేసినా మా బ్యాటరీని మూడు నాలుగు సార్లు నింపవచ్చు. దాంతో పాటు ఒక ఫోనును విమానం గుర్తు పెట్టి, తెర ఆర్పి, పెద్దల దగ్గర ఉంచి గొంతు మాత్రం రికార్డు చేస్తాం. బొమ్మ ఆగినా మాట మిగులుతుంది. ఆ రాత్రి మా జేబుల్లో నాలుగు ఫోన్లు ఉన్నాయి. ఒక్కరికీ తట్టలేదు.

ఇంకో రెండు చిన్న మాటలు. చాలా నెలలు వాడకపోతే బ్యాటరీని పూర్తిగా నింపీ, పూర్తిగా ఖాళీ చేసీ ఉంచవద్దు. సగం నింపి, చల్లని పొడిచోట ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకండి. దాన్ని పొయ్యిలో, నెగడులో వేయకండి, వాగులో పారేయకండి. పిల్లల చేతికి ఇవ్వకండి. పాత బ్యాటరీలు తీసుకునే చోటు పట్నంలో వెతికి అక్కడ ఇవ్వాలి. ఆటకో పోటీకో విమానం ఎక్కే అవకాశం వస్తే, అదనపు లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, అప్పగించే పెట్టెలో పెట్టకూడదు.

ఇవన్నీ నేర్చుకోగానే పోయిన కథ రాలేదు. 2023లో ఆ ఊళ్లో మళ్లీ పూజకు వెళ్లాం. ఈసారి నాలుగు బ్యాటరీలూ నిండుగా ఉన్నాయి. తాత ఇంటివాళ్లు అడిగితే ఆ 44 నిమిషాల వీడియో చూపించాం. ముంగిట్లో ముప్పై మంది దాకా కూర్చున్నారు. తాత గొంతు వినగానే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీడియో వాగు ఒడ్డున ఆగిపోయింది. అందరూ మా వైపు చూశారు. మేము తలలు దించుకున్నాం.

అప్పుడు తాత మనవడు, ఇంటర్ చదివే పిల్లవాడు, వాగు దాటే ముందు పెద్దన్న ఏమన్నాడో గోండిలో నాలుగు చరణాలు అన్నాడు. తర్వాత తడబడ్డాడు. అవ్వ పక్క నుంచి ఒక ఊరి పేరు అందించింది. ఎవరో ముసలాయన కాదు, ఆ ఊరు తర్వాత వస్తుంది అన్నాడు. కాసేపు వాదన అయింది. నీకెట్లా తెలుసు అని పిల్లవాణ్ని అడిగాం. ఆ రాత్రి గొంగడి కప్పుకొని నెగడు దగ్గరే పడుకున్నానని, నిద్ర పట్టక విన్నానని చెప్పాడు. మేము బ్యాటరీలు తుడుస్తున్నప్పుడు ఆ పిల్లవాడు కథ విన్నాడు.

ఆ రోజు ముంగిట్లో వాళ్లు చెప్పిందంతా తీసుకున్నాం. పదకొండు నిమిషాలు వచ్చింది. గంటన్నర కథలో పదకొండు నిమిషాలు. మిగతాది పోయినట్టే. దొరికింది కాగితం మీద కూడా రాసుకున్నాం. గుంజాలలో దొరికిన గోండి లిపి రాతప్రతులు ఇన్నేళ్లు నిలిచాయంటే, కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు కాబట్టే కదా.

ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా మాలో ఒక్కరే కెమెరా చూసుకుంటారు. బ్యాటరీ మార్చేది ఆ ఒక్కరే. మిగతా ముగ్గురు పెద్దల ముందు కూర్చొని వినాలి. ఊళ్లో పిల్లలు ఇద్దరు ముగ్గుర్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాం. యువకులారా, మీరు కూడా వెళ్లండి. మీ ఫోన్లు మా కెమెరాల కంటే మంచివి. ముందు అడిగి అనుమతి తీసుకోండి, తీయొద్దంటే తీయకండి. నిండిన బ్యాటరీలు ఒకటికి రెండు పెట్టుకోండి. ఏ ఊళ్లో ఏ పెద్దమనిషికి ఎనభై దాటాయో ఒక జాబితా రాసుకోండి. మేము వేసవి సెలవుల దాకా ఆగాం. మీరు ఈ ఆదివారమే వెళ్లండి.